మూడు దినాలు చూసిన మనిషి

మా మనుమరాలు రెండో ఉద్యోగం కూడా వదిలేసి ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున పేపరు తిరగేస్తూ మా అబ్బాయి ఆ పిల్లకు వినపడేలా నిట్టూరుస్తాడు. కోడలు వంటింట్లో గిన్నెల్ని అవసరానికి మించి చప్పుడు చేస్తూ పెడుతుంది. "బాపూ, పెద్దోనివి నువ్వన్న చెప్పరాదు" అంటాడు అబ్బాయి. నేను వినపడనట్టు కూర్చుంటాను. నా చెవులకు ఏ రోగమూ లేదు. ఆ మాట చెప్పడానికి నాకు ముఖం చెల్లదు, అంతే.

మొన్న అన్నాల దగ్గర మాటా మాటా పెరిగింది. చివరికి ఆ పిల్ల కంచంలోంచి తలెత్తకుండా "జర చూడనియ్యి నాన్నా" అంది. నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆ మాట అలాగే, అంత మెల్లగా అనే మనిషిని నేను ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన మా అక్క భర్త, మా బావ. పోయి చాలా ఏండ్లైంది. ఆ రోజుదాకా ఈ ఇంట్లో ఎవరికీ ఆయన గురించి నేను సరిగా చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు కాగితం మీద చూసుకోవాలంటే ఆయనకు దడ. "కాయితం మీదికి ఎక్కిన పేరు మల్ల దిగదు బామ్మర్దీ" అనేవాడు. నవ్వులాటకు అన్నమాట కాదు అది. నిజంగానే భయపడేవాడు. కుక్కలన్నా భయమే, ఉరుములన్నా భయమే, వీధిలో గుర్రం డెక్కల చప్పుడైతే తలుపు చాటుకు పోయేవాడు. ఇంత పిరికి మనిషికి మా అక్కనిచ్చారేమిటా అని పెండ్లిలోనే నేను చిన్నబుచ్చుకున్నాను. నా ధైర్యం ఏపాటిదో అప్పటికి నాకు తెలియదు.

వాళ్ళది ఎల్లారెడ్డికి రెండు కోసుల దూరంలో ఒక ఊరు. పట్వారీల, అంటే కరణాల, ఇల్లు. పట్వారీగిరీ పెద్దన్నకు పోయింది, ఈయనకు చదువు మిగిలింది. ఉర్దూ, ఫార్సీ రెండూ వచ్చు. చేతిరాత అచ్చు గుద్దినట్టు ఉండేది. ఆ చేతిరాతే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒకే దొర. ఆయన ఉండే కోటలాంటి ఇంటిని గడి అనేవారు. ఊళ్ళో పనిచేయగల ప్రతివాడూ గడికి వెట్టి చెయ్యాలి. నాగలి ఉన్నవాడు నాగలితో, సారె ఉన్నవాడు కుండలతో, చదువుకుని ఖాళీగా కూర్చున్నవాడు కలంతో. సర్కారు నౌకరీ ఉన్నవాడి జోలికి మాత్రం గడి వచ్చేది కాదు. బావకు నౌకరీ లేదు. గడిలో ముసలి గుమాస్తాకు కళ్ళు కనిపించడం మానేశాయి. దొరకు కొత్త చెయ్యి కావలసి వచ్చింది.

అక్కడ రాయవలసింది ముఖ్యంగా ఒకటే రకం కాగితం. రాజీనామా అంటారు. 'నా భూమిని నేను ఇష్టపూర్వకంగా దొరవారికి వదులుతున్నాను' అని రైతు పేర రాసి, వాడి బొటనవేలు సిరాలో ముంచి అద్దించడం. ఇష్టపూర్వకంగా అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. ఆ రాసినవాడు ఇక గడిలోంచి బయటపడడం ఉండదు, ఎందుకంటే ఏ ఇష్టం ఎలా పుట్టిందో వాడికి తెలిసిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు వానకాలంలో గడి సుంకరి, అంటే గడి కబుర్లు మోసేవాడు, బావ ఇంటి ముందు కర్ర తాటించాడు. "దొర అడుగుతుండు. దసరాకు జమ్మి పెట్టనీకె వస్తవు గద, ఆ దినమే నీతోని కలం పట్టిస్తడట" అని చెప్పి పోయాడు. దసరా నాడు గడిలో కత్తులతో పాటు కలాలకు కూడా పూజ చేసేవారు. కొత్త గుమాస్తా ఆ రోజే మొదటి అక్షరం రాసేవాడు. అంటే మా చేతిలో ఉన్నది నాలుగు నెలలు.

అక్క ఆ కబురు పట్టుకుని ఎల్లారెడ్డిలో నా ఇంటికి వచ్చింది. నేను అప్పటికే తహసీలు కచేరీలో గుమాస్తాను. నీళ్ళు కూడా తాగకుండా కూర్చుంది. "తమ్మీ, ఆ ముసలి గుమాస్త మా గల్లీల నుంచి పోతుంటే ఆడోళ్ళు పిల్లల్ని లోపటికి పిలుసుకుంటరు. ఆయన ఏమనడు, ఎవల దిక్కూ చూడడు. అయినా పిలుసుకుంటరు. రేపు మీ బావ పోతుంటే కూడ గట్లనే పిలుసుకుంటరు. నా పిల్లల్ని నేనే పిలుసుకుంటనేమో." ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఏదన్న సర్కారు పని చూడు. ఎసొంటిదైనా సరే."

అంత సులువైన పని నాకు ఇంకొకటి ఉండదనుకున్నాను. ఉర్దూ అంత చక్కగా రాసేవాణ్ణి ఎవరు కాదంటారు. కాదన్నది బావ.

మొదట మద్నూర్‌లో కరోడ్‌గిరీ నాకాలో, అంటే వచ్చే పోయే సరుకు మీద సుంకం పట్టే చోట, పని కుదిర్చాను. బావ వెళ్ళాడు, కానీ చేరలేదు. "జర చూడనియ్యి. మూడు దినాలు చూస్త" అని నాకా ఎదురుగా ఒక బండ మీద కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే పొద్దు గూకేదాకా. నాలుగో రోజు తిరిగొచ్చేశాడు.

"ఏమైంది బావా" అన్నాను.

"మరాఠోళ్ళు, మనోళ్ళు అందరు వస్తరు. మూట ఇప్పుమంటరు. ఇప్పేటప్పుడు చేతులు వణుకుతయి బామ్మర్దీ. సరుకు దాసినోళ్ళయి వణికితే అర్థముంది. ఒక ముసలామె మూటల రెండు జొన్నరొట్టెలు, ఓ పాత చీర ఉన్నయి. ఆమెయి గూడ వణికినయి."

"వణికితే నీకేం? ఇప్పించేటోనివి నువ్వు."

"అదే గద" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన పద్ధతి అది. పని ఎంత గొప్పదో, ఎంత సుఖమో అడగడు. ఆ పని చేసేవాడి దగ్గరికి జనం ఎట్లా వస్తున్నారు, ఎట్లా పోతున్నారు, అంతే చూస్తాడు. ముఖ్యంగా పోయేటప్పటి ముఖం. "వచ్చేటప్పుడు ఎవల కష్టం వాళ్ళకుంటది. పొయ్యేటప్పుడున్నది మనమిచ్చింది" అనేవాడు. కూర్చున్నంతసేపూ చూపుడువేలితో దుమ్ములో ఏదో రాస్తూ ఉండేవాడు. ఎవరైనా దగ్గరికి వస్తే అరచేత్తో తుడిచేసేవాడు. ఏం రాసేవాడో నేను ఒక్కసారీ చదవలేకపోయాను. ఆయన కోటు కుడిచేతి మణికట్టు దగ్గర ఎప్పుడూ మట్టి అంటుకుని ఉండేది. అక్క ఉతికి ఉతికి విసిగిపోయేది.

తరువాత జంగ్లాత్, అంటే అడవి శాఖవాళ్ళ చౌకీలో. అక్కడ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడు రోజులు చూద్దామని అడవి దారిలో పోతున్నాడట. కట్టెల మోపులతో వస్తున్న ఆడవాళ్ళు కోటు వేసుకున్న మనిషిని చూసి చౌకీవాడనుకుని మోపులు పారేసి పొదల్లోకి పరుగెత్తారు. ఒకామె చెప్పు ఒకటి దారిలోనే పడిపోయింది. బావ అక్కడే నిలబడి "నేను కాదు, నేను కాదు" అని అరిచాడట. ఎవరూ తిరిగి రాలేదు. పాపం కట్టెలు పోతాయని ఒక మోపు నెత్తిన పెట్టుకుని, ఆ చెప్పు చేత్తో పట్టుకుని, ఊరివైపు నడిచాడు. అసలు చౌకీవాడు ఎదురొచ్చి ఈయన్నే పట్టుకున్నాడు. నేను వెళ్ళి, చేతులు జోడించి విడిపించుకు వచ్చాను.

దారిలో నేను తిట్టగలిగినన్ని తిట్లు తిట్టాను. ఆయన ఆ చెప్పు ఇంకా చేత్తోనే పట్టుకుని నడిచాడు. ఊరు దగ్గరికొచ్చాక "నన్ను జూసి ఉరికినరు బామ్మర్దీ. నన్ను జూసి" అన్నాడు. నమ్మలేని సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. కుక్కను చూసి తాను పరుగెత్తడమే ఆయనకు తెలుసు. తనను చూసి ఇంకొకరు పరుగెత్తడం ఆయనకు అంతకన్నా పెద్ద భయమైంది.

శ్రావణం పోయింది. సుంకరి రెండోసారి వచ్చి కర్ర తాటించాడు. ఈసారి ఏమీ చెప్పలేదట. వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడట. దానితో అక్కకు నిద్ర కరువైంది. నేను మా తహసీల్దారు కాళ్ళావేళ్ళా పడి, మా కచేరీలోనే, నా పక్క బల్ల దగ్గరే నకళ్ళు రాసే పని ఇప్పించాను. ఇక దీనికి వంక ఏముంటుంది. నేను చేసే పనే కదా అనుకున్నాను.

బావ వచ్చాడు. కచేరీ ఎదుట చాయ్ దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. "మూడు దినాలు" అన్నాడు. నేను లోపల బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నాను. కిటికీలోంచి ఆయన కనిపిస్తూనే ఉన్నాడు. నేను తల దించుకుని పని చేసే రకం. కాగితం, దాని అంచు, సిరాబుడ్డి, అంతవరకే నా లోకం. అవతలివాడు ముందుకు పెట్టిన బొటనవేలు కనిపించేది, వాడి ముఖం కనిపించేది కాదు. అదే మంచి పనివాడి లక్షణమని మా పెద్ద గుమాస్తా మెచ్చుకునేవాడు.

నాలుగో రోజు బావ లోపలికి వచ్చి, నా బల్ల పక్కన నిలబడి, మెల్లగా "నాతోని కాదు బామ్మర్దీ" అన్నాడు.

ఎందుకు కాదు అని నేను అడగలేదు. మద్నూర్ గురించి అడిగాను, అడవి గురించి అడిగాను. ఈసారి అడగలేదు. నోటిదాకా వచ్చింది. ఏమంటాడో అని భయం వేసి మింగేశాను. ఆయన కూడా చెప్పలేదు. కోటు చేతికి మట్టి అంటుకుని ఉంది. సిరాబుడ్డి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇక నేను చేసేదేమీ లేదని అక్కకు కబురు పంపాను. తిట్టుకున్నాను, ఆమె ఖర్మ అనుకున్నాను. లోలోపల మాత్రం నాకు కొత్త భయం పట్టుకుంది. దొర అడిగిన మనిషి గడికి చేరకపోతే, ఆ మనిషి బావమరిది తహసీలులో ఉన్నాడన్న సంగతి దొరకు గుర్తొస్తుంది. నా భార్యకు కూడా ఈ మాట చెప్పలేదు. ఆ రోజుల్లో కచేరీ గుమ్మంలో ఎవరిదైనా కర్ర చప్పుడైతే నా కలం ఆగిపోయేది.

దసరా పది రోజులుందనగా బావ కామారెడ్డి పోయాడు. రైలు పట్టుకుని ఎటైనా పారిపోతాడేమోనని అక్క వెనకాలే మనిషిని పంపింది. ఆ మనిషి తిరిగొచ్చి "ఎటూ పోలేదమ్మా, టేసన్ల కూసున్నడు. మూడు దినాలసంది గాడనే ఉన్నడు" అని చెప్పాడు. ఆ రోజే సాయంత్రానికి బావ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పని దొరికింది" అన్నాడు. మేమిద్దరం ఆయన ముఖం చూశాం. "టేసన్ల నీళ్ళు పోసే పని."

రైలు ఆగినప్పుడు ఫ్లాట్‌ఫారం మీద నీళ్ళు పోసే మనిషి ఉండేవాడు ఆ రోజుల్లో. ఏ కులంవాళ్ళైనా అభ్యంతరం లేకుండా తాగే ఇంటివాణ్ణి చూసి రైల్వేవాళ్ళు పెట్టుకునేవారు. ముసల్మానులకు వేరే మనిషి ఉండేవాడు. వాళ్ళు బావ పుట్టుక చూసి పని ఇచ్చారు. బావ మాత్రం ఇంకేదో చూసి తీసుకున్నాడు.

"ఉరుక్కుంట వస్తరు" అన్నాడు. ఆయన అంత వడివడిగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. "నోరెండి వస్తరు. దోసిలి పడతరు. తాగుతరు. మూతి తుడుసుకుంట పోతరు. అంతే. మూడు దినాలు చూసిన, ఒక్కడన్న భయపడి పోతడేమోనని చూసిన. లేడు."

అక్క ఏడ్చింది. పట్వారీల ఇంటి కోడలు, మొగుడు ఫార్సీ చదివినవాడు. చెంగుతో ముఖం తుడుచుకుని అడిగింది. "అక్కడ కాయితం రాసేదుంటదా?"

"లేదు."

"ఏలిముద్ర ఏపిచ్చేదుంటదా?"

"ఏం లేదు. కోటు మీద పెట్టుకునే రైల్వే బిళ్ళ తీసుకునేటప్పుడు నేనొక్క సంతకం చెయ్యాలె."

అక్క లేచి సందుగ తెరిచి ఆయన బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఆ సంతకం గురించి కూడా బావ ఆ మూడు రోజులూ ఆలోచించాడని తరువాత తెలిసింది. పేరు రాయాలి కదా మరి.

దసరా వచ్చింది. జమ్మి పెట్టడానికి గడికి పోక తప్పదు. ఒంటరిగా పంపడానికి అక్క ఒప్పుకోలేదు. నేను తోడు పోయాను. ఎండ ఇంకా ఉంది. గడి దర్వాజ దాటాం. లోపల ఊరి పెద్దలంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. పీట మీద కత్తులు, వాటి పక్కన పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టిన కొత్త కలం. బావ ఖాకీ కోటు వేసుకుని వచ్చాడు. ఛాతీ మీద రైల్వే ఇత్తడి బిళ్ళ. దొర చేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

దొర బిళ్ళ చూశాడు. "ఇదేంది?"

"నౌకరీ అయింది దొరా. కామారెడ్డి టేసన్ల. నీళ్ళు పోసే నౌకరీ."

దొర కాసేపు బావను చూసి, పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి "నేను కలం పట్టెటోడనుకుంటి. వీడు చెంబు పట్టెటోడట" అని నవ్వాడు. ఆయన నవ్వగానే గడి మొత్తం నవ్వింది. మీ తాత ముత్తాతల పేరు చెడగొట్టావన్నవాళ్ళున్నారు. తూ అన్నవాళ్ళున్నారు. బావ తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు లాంటిది చూశాను. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ ఆయన బతికిపోయినట్టేనని మా ఇద్దరికే తెలుసు. నవ్వులాటకు పనికొచ్చేవాడు కలానికి పనికిరాడు కదా.

అమ్మయ్య అనుకుని నేను వెనక్కి తిరగబోయాను.

"నువ్వు తహసీల్ల ఉన్నోనివి గద" అన్నాడు దొర. నన్నే. "మా గుమాస్తకు కండ్లు పోయినయి. మా కాయితాలు అక్కడికి వచ్చినప్పుడు జర మంచిగ చూసుకో." పళ్ళెంలోని కలం తీసి నా వైపు చాచాడు.

తీసుకున్నాను. రెండు చేతులతో, వంగి, కళ్ళకద్దుకుని మరీ తీసుకున్నాను. వద్దనడం అన్నది ఒకటుంటుందని కూడా ఆ క్షణంలో నాకు తోచలేదు. నా వేళ్ళకు కుంకుమ అంటింది. బావ ఆ వేళ్ళ వైపు చూశాడు. తిరుగుదారి పట్టాం. ఊరి పొలిమేర దగ్గర వీధికుక్క మొరిగితే బావ నా పక్కకు జరిగి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ చలికాలంలో ఒక రైతు రాజీనామా మా కచేరీకి వచ్చింది. బావ వాళ్ళ ఊరి మనిషే. చెరువు కింద మడి, దాని పైన ఎర్రచెలక. అడగవలసిన మాట ఒకటుంటుంది, అడిగాను. "ఇష్టపూర్వకంగనే ఇడిసిపెడుతున్నవా?" గుమ్మంలో గడి సుంకరి కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. కాసేపటికి "బాంచెన్, ఇష్టంగనే" అన్న మాట వినపడింది. బొటనవేలు ముందుకు వచ్చింది. నేను దాన్ని పట్టుకుని కాగితం మీద అద్దించాను. వేలు చల్లగా ఉంది. తల ఎత్తలేదు. ఏ కలంతో రాశానో మీరు అడగొద్దు.

ఎండాకాలంలో పాత దస్తరాలు ఇందూరులో, అంటే నిజామాబాదులో, అప్పగించి రమ్మని నన్ను పంపారు. ఎర్రబట్టలో కట్టిన మూట చంకలో పెట్టుకుని కామారెడ్డి స్టేషనుకు వచ్చాను. బావ చేరాక నేను అక్కడికి రావడం అదే మొదలు. రైలు వచ్చి ఆగింది. బావ ఇత్తడి బిందె, పొడుగు మూతి చెంబు పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తున్నాడు. పరుగెత్తడం లేదు, అయినా అందరికీ అందుతున్నాడు. నడుము కాస్త వంచి, అవతలివాడి దోసిలి ఎంత కింద ఉంటే అంత కిందికి చెంబు దించి, దోసిట్లోకి కాకుండా వాళ్ళ ముఖంలోకి చూస్తూ పోస్తున్నాడు. ఒక్క చుక్క కింద పడడం లేదు. ఊళ్ళో తలుపు చాటున దాక్కునే మనిషి ఆయనేనా అనిపించింది. నాకు సంతోషం వేసింది, అబద్ధం చెప్పను.

ఆ రైలు ఎక్కడానికి ఒక కుటుంబం మూటలతో వచ్చింది. భార్య, ఇద్దరు పిల్లలు, నెత్తిన గంప. బోధన్ వైపు చెరకు పనికి పోతున్నట్టున్నారు. బావ ముందు పిల్లలకు పోశాడు, తరువాత ఆమెకు. మగమనిషి చివర వంగి దోసిలి పట్టాడు. "మెల్లగ తాగు. బండి ఇంక ఉంటది" అన్నాడు బావ. నేను బావ వెనక నిలబడ్డాను. తాగుతూ తాగుతూ ఆ మనిషి కళ్ళెత్తాడు. నన్ను చూశాడు. చంకలోని ఎర్రమూట చూశాడు.

దోసిలి విడిపోయింది. నీళ్ళన్నీ కింద పడ్డాయి. రెండడుగులు వెనక్కి వేసి, పిల్లల్ని తన వెనక్కి లాక్కుని, తడిచేతులు జోడించాడు. "పోతున్న సారూ. ఊరిడిసి పోతనే ఉన్న. ఇంకేం లేదు సారూ నా తాన."

నేను ఆ ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. గొంతు పోల్చుకున్నాను. ఆ చేతుల్లో కుడి బొటనవేలును పోల్చుకున్నాను. ముఖం మాత్రం నాకు కొత్త. నన్ను చూసి ఒక మనిషి అట్లా అయిపోతాడా? నేను కాదు, నేను కాదు అని అరవాలనిపించింది. అరవడానికి నాకు హక్కు లేదు, అది నేనే.

బావ నా వైపు తిరగలేదు. చెంబు మళ్ళీ వంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "తాగి పో నాయినా. ఈయన నా బామ్మర్ది. ఏమనడు, నేనున్న" అన్నాడు. ఆ మనిషి వచ్చాడు, తాగాడు. తాగినంతసేపూ దోసిలి పైనుంచి వాడి కళ్ళు నా మీదనే ఉన్నాయి. మూతి తుడుచుకోకుండానే రైలెక్కాడు. మూడు రోజులు వెతికినా ఆ ఫ్లాట్‌ఫారం మీద బావకు కనిపించని ముఖం అది. నేను వచ్చి తెచ్చిపెట్టాను.

నాకూ ఆ రైలే. కానీ కాళ్ళు కదలలేదు. అప్పుడు అడిగాను. మింగేసిన మాట అన్ని నెలలకు పైకి వచ్చింది. "బావా, మా కచేరి ముంగట మూడు దినాలు కూసున్నవు గద. ఏం చూసినవు?"

బావ బిందెలో చెంబు ముంచాడు. "మూడు దినాలు గాదు. మొదటి దినం ఒక్క పూటల్నే సమజైంది. తక్కిన దినాలన్ని నీకోసం కూసున్న."

"నాకోసమా?"

"ఒక్కసారన్న తలెత్తుతవేమోనని."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నేనూ కోపం తెచ్చుకునేవాణ్ణి. "చేతులు పట్టు. మొకం చూడు ఎట్ల ఎండిపోయిందో" అన్నాడు. మూట కింద పెట్టి దోసిలి పట్టాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. నిండేదాకా ఆయన పోస్తూనే ఉన్నాడు. నేను తాగాను. తరువాత మూట ఎత్తుకుని రైలెక్కాను.

ఉద్యోగం మానేశానని మీరు అనుకుంటే పొరపాటు. పింఛను వచ్చేదాకా చేశాను. సర్కార్లు మారాయి, గడి కూలింది, బల్ల మారింది, నేను మారలేదు. తలెత్తితే ఏం కనిపిస్తుందో ఒకసారి తెలిశాక, తలెత్తడానికి ఇంకా భయమేసింది. బావ బిళ్ళ అరిగిపోయేదాకా నీళ్ళు పోశాడు. ఆయన పోయినప్పుడు స్టేషను దగ్గరి కూలీలూ, బండ్లవాళ్ళూ మోయడానికి నేను నేనని వచ్చారు. నేను వాళ్ళ వెనక నడిచాను.

మొన్న ఆ అన్నాల దగ్గరే ఇదంతా చెప్పాను. అబ్బాయి, కోడలు, ఆ పిల్ల ముగ్గురూ విన్నారు. కంచాల్లో అన్నం ఎండిపోయింది. చెప్పడం అయ్యాక అబ్బాయితో "దాన్ని చూడనియ్యిరా" అన్నాను.

చేతులు కడుక్కునేటప్పుడు మనుమరాలు నా పక్కకు వచ్చి, నా చేతుల మీద నీళ్ళు పోస్తూ అడిగింది. "తాతా, మరి నువ్వు ఎన్ని దినాలు చూసి చేరినవు?"

"ఒక్క దినం కూడ చూడలే బిడ్డా" అన్నాను. "చేరినంక కూడ చూడలే."